అవతారిక లేని వాక్యం: సామాజిక మాధ్యమాల చిరుపోస్టులలో భావనిర్ణయం, సందర్భం

ఉపోద్ఘాతం

ఒక భాషాసాంకేతిక పరిశోధన కోసం తెలుగు పోస్టులను చదివి వాటిలోని భావాన్ని గుర్తించే పనిలో కొంతకాలం పాల్గొనే అవకాశం నాకు కలిగింది. పని పద్ధతి సరళం. తెర మీద ఒక వాక్యం కనిపిస్తుంది. దాన్ని ఎవరు రాశారో, ఎవరికి రాశారో, దానికి ముందు ఏ మాట జరిగిందో తెలియదు. ఆ వాక్యం అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అన్నది గుర్తించి తరువాతి వాక్యానికి వెళ్లాలి. ఒక్కొక్క వాక్యాన్ని ముగ్గురు విడివిడిగా గుర్తిస్తారు. ఇద్దరు ఏకీభవించినదే తుది నిర్ణయం.

ఒకనాడు "గత్తర లేపినవ్ తమ్మీ" అన్న తీరు వాక్యమొకటి వచ్చింది. గత్తర అంటే కలరా. కోస్తా ప్రాంతం నుంచి వచ్చిన నేనూ, మరొక మిత్రురాలూ దాన్ని ప్రతికూలమని గుర్తించాం. కరీంనగర్ ప్రాంతపు మిత్రుడు అనుకూలమని గుర్తించాడు. తనకంటె చిన్నవాడు ఏదో ఘనకార్యం చేస్తే పొంగిపోయి మెచ్చుకునే మాట అది అని తరువాత మాకు చెప్పాడు. అప్పటికే రెండు ఓట్లకు ఒక ఓటు. ఆ వాక్యం ప్రతికూలంగానే నమోదయింది. ఆ నుడికారం తెలిసినవాడు ఒక్కడే కావడం వల్ల సరైన అర్థం వీగిపోయింది.

ఈ వ్యాసానికి ప్రేరణ ఆ సంఘటనే. సామాజిక మాధ్యమాలలోని చిరుపోస్టులలో భావం పదాల సొత్తు కాదనీ, సందర్భంతో కూడిన ఉక్తికి చెందినదనీ, కాబట్టి సందర్భాన్ని కోసివేసి భావాన్ని గుర్తించే పద్ధతి మూలంలోనే లోపభూయిష్ఠమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మన సాహిత్య సంప్రదాయం చిన్న రచనను భద్రపరిచేటప్పుడు దాని సందర్భాన్ని కూడా భద్రపరిచింది. ఆ అలవాటుకు మన పూర్వులు పెట్టిన పేరు అవతారిక. ఇక్కడ చర్చించే పోస్టుల నమూనాలన్నీ వాడుకలోని పోకడలను అనుసరించి నేను కూర్చుకున్నవే. వ్యక్తుల పోస్టులను వారి అనుమతి లేకుండా ఉదాహరించడం ఉచితం కాదని భావించాను.

1. సమీక్ష నుంచి చిరుపోస్టు దాకా

సెంటిమెంట్ ఎనాలిసిస్ అని వ్యవహరించే ఈ శాఖలో తొలినాటి ప్రసిద్ధ పరిశోధనలలో ఒకటి 2002లో బో పాంగ్, లిలియన్ లీ, శివకుమార్ వైద్యనాథన్ సినిమా సమీక్షల మీద చేసినది. సినిమా సమీక్షకు కొన్ని సౌలభ్యాలున్నాయి. అది తగినంత పొడవుగా ఉంటుంది. దేని గురించి రాశారో ముందే తెలుసు. పైగా సమీక్షకుడే నక్షత్రాల రూపంలో తన తీర్పును ప్రకటించి ఉంటాడు. అంటే భావాన్ని నిర్ణయించేది బయటివాడు కాదు, వక్తే.

చిరుపోస్టులో ఈ సౌలభ్యాలేవీ లేవు. ట్విటర్ 2017 వరకు 140 అక్షరాలకు, ఆ తరువాత 280 అక్షరాలకు పోస్టును పరిమితం చేసింది. వక్త తన తీర్పును విడిగా ప్రకటించడు. ఈ లోటును పూరించడానికి 2009లో అలెక్ గో, ఆయన సహపరిశోధకులు ఒక ఉపాయం పన్నారు. పోస్టులోని నవ్వుముఖం గుర్తును అనుకూలానికీ, ఏడుపుముఖం గుర్తును ప్రతికూలానికీ సూచికగా తీసుకొని యంత్రానికి శిక్షణ ఇచ్చారు. లక్షల పోస్టులను మనుషుల సాయం లేకుండా సమకూర్చుకోవడానికి అది గొప్ప సదుపాయం. కాని గుర్తులకు కూడా సందర్భం కావాలన్న సంగతిని తెలుగు వాడుక వెంటనే గుర్తుచేస్తుంది. చేతులు జోడించిన బొమ్మను గురువుగారి చిత్రం కింద పెడితే అది భక్తి. మొండివాదం చేస్తున్నవాడికి సమాధానంగా పెడితే అది "నీకో దండం" అన్నమాట. గుర్తు ఒకటే, భావాలు మాత్రం ఎదురెదురు.

భారతీయ భాషలకు సంబంధించి అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ 2010లో బెంగాలీ, హిందీ, తెలుగు భాషలకు సెంటివర్డ్‌నెట్ పేరిట భావపదకోశాలను రూపొందించారు. 2017లో సందీప్ శ్రీచరణ్ ముక్కు, రాధిక మామిడి తెలుగు వార్తల వాక్యాలకు భావాంకనం చేసిన దత్తాంశాన్ని వెలువరించారు. వనరులు లేని భాషకు వనరులు కల్పించిన ఈ కృషి విలువైనది. ఇక్కడి విమర్శ ఆ కృషి మీద కాదు. పదకోశంలోని విలువనో, వార్తావాక్యం మీద నేర్చిన పద్ధతినో చిరుపోస్టుకు యథాతథంగా అన్వయించడం మీద మాత్రమే. వార్తావాక్యం తన సందర్భాన్ని తానే చెప్పుకుంటుంది. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి అందులోనే ఉంటాయి. పోస్టు వాటిని చదువరికి తెలిసినవిగానే భావించి మొదలవుతుంది.

2. మూడు రకాల సందిగ్ధత

తెలుగు పోస్టులలో భావనిర్ణయం తప్పిపోయే చోట్లన్నిటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. వాటిని కనీసం మూడు వర్గాలుగా విడదీయాలి. ఎందుకంటే ఒక్కొక్క వర్గానికి కావలసిన సందర్భం వేరు.

మొదటిది పదగతమైన సందిగ్ధత. "చంపేశాడు", "ఇరగదీశాడు", "చించేశాడు", "కత్తిలా ఉంది", "అరాచకం" వంటివి వాచ్యార్థంలో హింసను, వినాశాన్ని చెప్పేవి. సినిమా గురించో ఆటగాడి గురించో అన్నప్పుడు అవి మెచ్చుకోళ్లు. మన ఆలంకారికుల పరిభాషలో ఇవి రూఢిలక్షణకు దగ్గరైనవి. వాడుక వల్ల స్థిరపడిన ఈ అర్థాలను పదకోశంలో చేర్చవచ్చు. అయితే రూఢి అన్ని ప్రాంతాలలోనూ, అన్ని వయసులలోనూ ఒకటి కాదు. "రచ్చ" అన్న పదమే చూడండి. పల్లెలో రచ్చ అంటే నలుగురూ కూడే చోటు. రచ్చకెక్కడం పరువు పోవడం. నేటి యువకుల నోట "రచ్చ రచ్చ" అంటే పట్టలేని ఉత్సాహం. "లొల్లి" అన్న మాటను తెలంగాణలో గొడవ గురించీ అంటారు, పెళ్లిలో జరిగిన సందడి గురించీ అంటారు. కాబట్టి ఇక్కడ కావలసినది దేశసందర్భం. వక్త ఏ తెలుగు మాట్లాడతాడన్న జ్ఞానం. గత్తర వాక్యంలో మేము తప్పినది ఇక్కడే.

రెండవది వాక్యగతమైన సందిగ్ధత. తెలుగులో ఒక్క ప్రత్యయం భావాన్ని తలకిందులు చేయగలదు. "సినిమా బాగుంది" అనడం మెచ్చుకోలు. "సినిమా బాగానే ఉంది" అన్నప్పుడు ఆ మెచ్చుకోలు సగానికి తగ్గింది. "కొత్త బస్సులు వేశారు" అన్నది సమాచారం. "కొత్త బస్సులు వేశారట" అన్నప్పుడు వక్త ఆ మాటకు పూచీ పడడం లేదు. సన్నివేశాన్ని బట్టి అది వట్టి వినికిడి కావచ్చు, అపనమ్మకం కావచ్చు. "గొప్ప పనే చేశావు", "బాగుంది వరస", "చాల్లే సంబడం" వంటి నుడికారాలలో గొప్ప, బాగు, సంబడం అన్న పదాలు విడివిడిగా మంచివే. కూడినప్పుడు మందలింపులు. పదాలను విడదీసి వాటి విలువలను కూడే పద్ధతికి ఇవి అందవు. తెలుగు వ్యాకరణాన్ని పట్టించుకుంటే చాలావరకు అందుతాయి.

దీనికి లిపి సమస్య తోడవుతుంది. తెలుగు పోస్టులలో అనేకం రోమన్ లిపిలో ఉంటాయి. అందులో హ్రస్వదీర్ఘ భేదాన్ని అందరూ పాటించరు. "పడు", "పాడు" ఒకే రూపంలో కనిపిస్తాయి. "కల", "కళ", "కాల" కలిసిపోతాయి. పాట పాడాడన్నదీ, కింద పడ్డాడన్నదీ, పని పాడయిందన్నదీ తేల్చుకోవడానికి చుట్టూ ఉన్న పదాలే దిక్కు.

మూడవది ప్రసంగగతమైన సందిగ్ధత. ఇక్కడ పదం స్పష్టమే, వ్యాకరణం స్పష్టమే. అయినా భావం తేలదు. "మా వీధి చూడండి, ఎంత అందంగా ఉందో!" అన్న వాక్యంలో తెలియని పదం ఒక్కటీ లేదు. అది సంక్రాంతి ఉదయం రాసినదైతే ముగ్గుల గురించి. వానాకాలంలో రాసినదైతే మోకాటిలోతు నీళ్ల గురించి. ఎంత పెద్ద పదకోశమైనా, ఎంత సూక్ష్మమైన వ్యాకరణమైనా ఈ రెంటినీ వేరు చేయలేదు. చిరుపోస్టులలో భావనిర్ణయానికి అసలు పరీక్ష ఈ మూడవ వర్గమే.

3. వాచ్యం ఒకటి, వ్యంగ్యం దానికి ఎదురు

ఈ మూడవ వర్గం మన అలంకారశాస్త్రానికి కొత్తది కాదు. తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం ప్రథమోద్ద్యోతంలో వాచ్యార్థం, ప్రతీయమానార్థం వేర్వేరని నిరూపించడానికి ఎంచుకున్న ఉదాహరణలు ప్రాకృత గాథలు. మొదటిదాని సారాంశం ఇది. గోదావరి ఒడ్డు పొదల దగ్గరికి రోజూ వచ్చే ఒక ధార్మికుడితో ఒక స్త్రీ, నిన్ను బెదిరించే కుక్కను ఆ పొదల్లోని సింహం చంపేసింది, ఇక నిశ్చింతగా తిరగవచ్చు అంటుంది. వాచ్యంలో ఉన్నది విధి, అంటే తిరగమన్న మాట. ధ్వనించేది నిషేధం, అంటే ఇటు రావద్దన్న మాట. ఆ పొదరిల్లు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే సంకేతస్థలం. ఆ వెంటనే ఆనందవర్ధనుడు దీనికి విలోమమైన గాథను కూడా చూపించాడు. అందులో వాచ్యం నిషేధం, వ్యంగ్యం ఆహ్వానం.

నేటి పరిభాషలో చెప్పాలంటే ఆయన చర్చిస్తున్నది ధ్రువత మారిపోవడం గురించే. గాథలోని పదాలకు విలువలు కట్టే యంత్రం దాన్ని అభయవాక్యంగా గుర్తిస్తుంది. యంత్రమే కాదు, ఆమె ఎవరో, ఆ చోటు ఆమెకు ఏమిటో తెలియని మనిషి కూడా అలాగే గుర్తిస్తాడు.

మమ్మటుడు కావ్యప్రకాశం చతుర్థోల్లాసంలో ఇచ్చిన ఒక ఉదాహరణ మన చర్చకు మరింత దగ్గరిది. అందులో వక్త ఎదుటివాడి ఉపకారాన్నీ, మంచితనాన్నీ కొనియాడి, ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండమని దీవిస్తాడు. శ్లోకం మట్టుకు చదివితే అది నిండైన కృతజ్ఞత. మమ్మటుడు శ్లోకం తరువాత వృత్తిలో ఒక్క మాట చేర్చాడు. అపకారం చేసినవాడితో ఎవరో విపరీతలక్షణతో అంటున్న మాట ఇది అని. ఆ ఒక్క మాటతో శ్లోకమంతా శాపమవుతుంది. ఇక్కడ గమనించవలసినది శ్లోకం కంటె వృత్తిని. తన చదువరులు సహృదయులే అని నమ్మిన శాస్త్రకారుడికి కూడా, శ్లోకాన్ని దాని సన్నివేశం నుంచి విడదీసి చూపించినప్పుడు, వక్తను, శ్రోతను పేర్కొనక తప్పలేదు. అదే శ్లోకాన్ని నేటి అంకనకర్తల ముందు వృత్తి లేకుండా పెడితే ముగ్గురూ అనుకూలమని ఏకగ్రీవంగా గుర్తిస్తారు. ఏకగ్రీవం సత్యానికి హామీ కాదనడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

4. అవతారిక అనే అలవాటు

చిన్న రచన సందర్భం లేకుండా నిలవదని గుర్తించిన సంప్రదాయాలు మనకు కనీసం రెండున్నాయి.

మొదటిది గాథాసప్తశతి వ్యాఖ్యాన సంప్రదాయం. శాతవాహన ప్రభువు హాలుని పేర ప్రసిద్ధమైన ఈ సంకలనంలో గాథలన్నీ ముక్తకాలు. వెనకాముందూ కథ ఉండదు. వ్యాఖ్యాతలు గాథను వివరించడానికి ముందు ఇది ఫలానా నాయిక చెలికత్తెతో అంటున్నది, ఇది దూతి నాయకునితో అంటున్నది అని అవతారిక కూర్చారు. ఒకే గాథకు వేర్వేరు అవతారికలు ఊహించడానికి వీలుంది. అవతారిక మారితే రసమే మారుతుంది.

రెండవది మన చాటు సంప్రదాయం. వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిలో కూర్చిన పద్యాలు తరతరాలుగా నోటి మీదుగా వచ్చినవి. చాటువు ఒంటరిగా ప్రయాణించదు. ఏ సభలో, ఎవరి మీద, ఏ మాటకు బదులుగా చెప్పాడో తెలిపే కథ దాని వెంట వస్తుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో చాటువుల మీద ఆంగ్లంలో వెలువరించిన గ్రంథానికి పేరు పెట్టినప్పుడు కూడా సమయానికి తగిన పద్యం అన్న భావాన్నే ముందు నిలిపారు. ఆ కథలన్నీ చారిత్రక సత్యాలు కాకపోవచ్చు. పద్యాన్ని ఎలా వినాలో చెప్పడమే వాటి పని. శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులను రాజభోగాలు అనుభవించిన కవి నోట విన్నప్పుడు అవి హాస్యం. కరవులో మగ్గిన ఆ సీమవాసి నోట విన్నట్టయితే అవే పద్యాలు ఆవేదన.

నిందాస్తుతి మరొక సాక్ష్యం. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకంలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును దెప్పిపొడిచిన మాటలను పదాల వారీగా లెక్కిస్తే అది ప్రతికూల రచన అవుతుంది. దాన్ని భక్తిశతకంగా చదవడానికి మనకు ఆధారం పదాలు కావు. ప్రక్రియ, దైవసంబోధన, వక్తకు దేవునితో ఉన్న చనువు. అవన్నీ సందర్భంలోని అంశాలే.

స్వరూపంలో పోస్టు చాటువుకు దగ్గరి బంధువు. చిన్నది, అప్పటికప్పుడు పుట్టినది, ఒకరిని ఉద్దేశించి అన్నది, చేతులు మారుతూ తిరిగేది. తేడా ఒక్కటే. చాటువు కథతో పాటు తిరిగింది. దత్తాంశంలోకి చేరిన పోస్టు కథను పోగొట్టుకొని చేరింది.

5. ఒక వాక్యం, పలు వైశిష్ట్యాలు

కావ్యప్రకాశం తృతీయోల్లాసంలో మమ్మటుడు ఆర్థీవ్యంజనకు కారణమయ్యే వైశిష్ట్యాలను లెక్కించాడు. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం అన్నవి ఆ జాబితాలో ఉన్నాయి. చివర చేర్చిన ఆదిశబ్దం వల్ల చేష్ట మొదలైనవీ గ్రహించాలి. వీటిలో వాక్యం, వాచ్యం పోస్టులోనే దొరుకుతాయి. తక్కినవాటిని వీధి గురించిన నమూనా వాక్యానికి అన్వయించి చూద్దాం.

వక్త ఆ వార్డు ప్రజాప్రతినిధి అయితే వాక్యం ప్రచారం. నీళ్లలో నడిచి ఇంటికి చేరిన నివాసి అయితే ఎత్తిపొడుపు. బోద్ధవ్యుడు విదేశంలో ఉన్న మేనత్త కొడుకైతే అది ఊరి మీద మమకారం. పురపాలక అధికారిని పేర్కొంటూ రాసినదైతే ఫిర్యాదు. కాకువు అంటే కంఠస్వరంలోని విరుపు. రాతలో స్వరం లేదు గనుక జనం అక్షరాలను సాగదీసి, చుక్కలు పెట్టి, ఆశ్చర్యార్థకాలను గుప్పించి దాన్ని సృష్టించుకుంటున్నారు. శుభ్రపరచడం పేరుతో యంత్రానికి ఇచ్చే ముందు సాధారణంగా తొలగించేవి ఇవే. మాటలోని విరుపును ముందు తుడిచివేసి, తరువాత వ్యంగ్యం దొరకడం లేదని వాపోవడం మన పద్ధతిలోని వైరుధ్యం.

అన్యసన్నిధి అంటే మాట ఒకరితో అంటూ పక్కనున్న మరొకరికి వినిపించడం. మిత్రునికి బదులుగా రాసిన పోస్టులో అసలు లక్ష్యం దాన్ని చూడబోయే మూడవ వ్యక్తి కావచ్చు. ప్రస్తావం అంటే అంతకు ముందు నడిచిన సంభాషణ. దేశకాలాల ప్రభావం ముగ్గుల, నీళ్ల ఉదాహరణలోనే చూశాం. ఇక చేష్ట. ఎదుటి మనిషి కనుసైగకు బదులు పోస్టులో ఉన్నవి బొమ్మగుర్తులు, జతచేసిన ఛాయాచిత్రం. వీధి వాక్యంలో భావమంతా ఛాయాచిత్రంలోనే ఉండవచ్చు.

ఆధునిక పరిశోధకులు ఈ జాబితాను చదివి ఉండకపోవచ్చు. అయినా వారి నిర్ణయాలు దీనికి సమీపంగా వచ్చాయి. 2014లో ఆండ్రియా వాంజో, డానిలో క్రోచే, రొబెర్టో బసిలి పోస్టును ఒంటరిగా కాక, దానికి ముందు నడిచిన పోస్టుల వరుసలో ఉంచి భావాన్ని నిర్ణయించే నమూనాను ప్రతిపాదించారు. సంభాషణను గానీ, ఒకే హ్యాష్‌ట్యాగ్ కింద వచ్చిన పోస్టులను గానీ వారు సందర్భంగా తీసుకున్నారు. ఇది ప్రస్తావ వైశిష్ట్యం. అదే సంవత్సరం బైరన్ వాలెస్, ఆయన సహచరులు వ్యంగ్యాన్ని గుర్తించడానికి మనుషులే సందర్భాన్ని అడుగుతారనీ, వారు అలా అడిగిన చోట్లనే యంత్రం కూడా ఎక్కువగా తడబడుతుందనీ చూపించారు. 2015లో డేవిడ్ బామన్, నోవా స్మిత్ రచయిత, శ్రోత, తక్షణ సంభాషణ పరిసరం అనే మూడింటిని చేర్చితే వ్యంగ్యనిర్ణయం మెరుగుపడుతుందని నిరూపించారు. వక్త, బోద్ధవ్యుడు, ప్రస్తావం అన్న మూడు మాటలు వాటికి సరిపోతాయి.

దీన్ని బట్టి అంతా మన శాస్త్రాలలోనే ఉందని చెప్పుకోవడం తగదు. మమ్మటునికి తెలియని పరిస్థితి ఒకటి పోస్టులో ఉంది. ఆయన దృష్టిలో బోద్ధవ్యుడు నిర్దిష్టుడు. పోస్టును తల్లి, సహోద్యోగి, చిన్ననాటి మిత్రుడు, ముఖపరిచయం లేని విరోధి ఒకేసారి చదువుతారు. ఆలిస్ మార్విక్, డానా బాయ్డ్ 2011లో చర్చించిన ఈ సందర్భాల కుప్పకూలికను శ్రోతృసంకరం అనవచ్చునని నా సూచన. శ్రోతృసంకరం ఉన్న చోట ఒకే పోస్టుకు ఇద్దరు పాఠకులు ఎదురెదురు భావాలను గ్రహించడం పొరపాటు కానక్కరలేదు. కొన్నిసార్లు అది వక్త కోరుకున్నదే.

6. సందర్భానికీ హద్దుంది

సందర్భాన్ని చేర్చితే సమస్య తీరిపోతుందన్న భ్రమ కూడా పనికిరాదు. రెండు అభ్యంతరాలను పరిశీలించాలి.

మొదటిది, సందర్భం కూడా తప్పుదారి పట్టించగలదు. ప్రభుత్వాన్ని ఎప్పుడూ విమర్శించే వ్యక్తి ఒకనాడు ఒక మంచి పనిని మనసారా మెచ్చుకున్నాడనుకుందాం. వక్త చరిత్రకు అతిగా విలువ ఇచ్చే యంత్రం ఆ మెచ్చుకోలును ఎత్తిపొడుపుగా లెక్కిస్తుంది. మనిషి మాట మార్చుకునే హక్కును అది గుర్తించదు. ఇక్కడ వాక్యపదీయంలో భర్తృహరి పెట్టిన నియమం దారి చూపుతుంది. సంయోగం, విప్రయోగం, సాహచర్యం, ప్రకరణం, ఔచిత్యం, దేశం, కాలం మొదలైనవాటిని ఆయన అర్థనిర్ణాయకాలుగా లెక్కించాడు. అయితే శబ్దార్థం తేలనప్పుడే అవి విశేషజ్ఞానానికి కారణాలన్నాడు. అర్థం తేటతెల్లమైన చోట వాటి ప్రమేయం లేదు. సందేహం కలిగినప్పుడే సందర్భం వైపు చూడడం శాస్త్రసమ్మతమూ, న్యాయమూ.

రెండవది నైతికమైనది. వక్తను తెలుసుకోవడం అంటే అతని ఊరు, కులం, పార్టీ, పాత మాటలు సేకరించడమా? అలాగైతే భావనిర్ణయం నిఘాగా మారుతుంది. అవతారిక వక్త పేరు చెప్పదు. నాయిక, దూతి, అపకారికి ఎదురుపడినవాడు అని పాత్రనే చెబుతుంది. పరిశోధనకు కావలసినదీ అంతే. రాసినది నివాసా, అధికారా, అభిమానా అన్నది చాలు. ఆ నివాసి పేరు మనకు అక్కరలేదు.

సందర్భాన్ని గ్రహించే భాషానమూనాలు వచ్చాయి కాబట్టి ఈ చర్చ పాతబడిందనే వాదం ఒకటి ఉంది. ఆ నమూనాలు గ్రహించేది తమకు అందించిన పాఠంలోని పదసందర్భాన్ని. వీధిలో నిలిచిన నీళ్లు పాఠంలో లేకపోతే అవి ఎంత సమర్థమైనవైనా ఊహించవలసిందే. ఊహించినప్పుడు తాము ఎక్కువగా చదివిన తెలుగు వైపే మొగ్గుతాయి. మా ముగ్గురి ఓటింగులో జరిగిన అన్యాయమే అక్కడ పెద్ద ఎత్తున జరిగే ప్రమాదం ఉంది.

ముగింపు

ఈ పరిశీలన ఆధారంగా తెలుగు పోస్టుల భావాంకనానికి నాలుగు సూచనలు చేస్తున్నాను.

ఒకటి, ప్రతి పోస్టుకు ఒకటి రెండు వాక్యాల అవతారిక జతచేయాలి. ఎవరి పాత్రలో, ఎవరికి, ఏ మాటకు బదులుగా, ఏ ప్రాంతంలో, ఏ కాలంలో అన్నది వ్యక్తిగత వివరాలు లేకుండా అందులో ఉండాలి. రెండు, అనుకూలం, ప్రతికూలం, తటస్థం అన్న మూడింటికి తోడు సందర్భాపేక్షం అన్న నాలుగవ గుర్తు ఉండాలి. నేడు తేలని వాక్యాలన్నీ తటస్థంలో చేరుతున్నాయి. భావం లేకపోవడం వేరు, భావం తేలకపోవడం వేరు. మూడు, అంకనకర్తల భేదాభిప్రాయాన్ని ఓటుతో చెరిపివేయకుండా, ఎవరు ఏ ప్రాంతపు తెలుగు ఎరిగినవారన్న సమాచారంతో సహా భద్రపరచాలి. నాలుగు, సాగదీసిన అక్షరాలను, చుక్కలను, బొమ్మగుర్తులను కాకువుగా, చేష్టగా గుర్తించి తొలగించకుండా ఉంచాలి.

ఈ పనిలో తెలుగు శాఖల బాధ్యత చిన్నది కాదు. భావనిర్ణయాన్ని సాంకేతిక విషయంగా భావించి మనం ఇంతకాలం పక్కకు తప్పుకున్నాం. మాండలికం, నుడికారం, ప్రత్యయాల సూక్ష్మభేదం, వ్యంజన అన్నవి మనం తరగతి గదిలో నిత్యం బోధించే విషయాలే. వీధి బాగాలేదని ఎత్తిపొడిచిన మనిషిని సంతృప్తుల జాబితాలో చేర్చితే అతని ఫిర్యాదు ఎవరికీ చేరదు. తమ్ముణ్ణి మెచ్చుకున్న అన్నను ద్వేషించేవాడిగా లెక్కిస్తే అతని తెలుగే తప్పయిపోతుంది.

అంకన పని ముగిసిన తరువాత గత్తర వాక్యాన్ని సరిదిద్దే వీలుందా అని నిర్వాహకులను అడిగాను. నిర్ణీతమైన వాక్యాలను తిరిగి తెరిచే ఏర్పాటు లేదని బదులు వచ్చింది. అది నేటికీ ప్రతికూలంగానే ఉండి ఉంటుంది. నేను వేసిన ఆ ఓటుకు ఈ వ్యాసాన్ని సవరణగా స్వీకరించవలసిందిగా కోరుతున్నాను.